నీలికాగితం మీద తెల్లచుక్క

గంగామణికి నిలకడ లేదు.

బస్సు కోసం స్టాపులో నిలబడే మనిషి కాదామె. అది రావడం కాస్త ఆలస్యమైతే చాలు, తర్వాతి స్టాపు దాకా నడుద్దామని బయలుదేరేది. రెండు స్టాపుల నడుమ ఆమె ఉండగానే బస్సు పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ వెళ్ళిపోయిన రోజులు ఎన్నో. అయినా మరునాడు మళ్ళీ నడిచేది. ఊరికే నిలబడితే అరికాళ్ళలో చీమలు పాకినట్టుంటుందట.

ఆ కాళ్ళతోనే ఆమె నల్లరేగడి పల్లె నుంచి పట్నం వచ్చి, సోయా చేలలోని సూక్ష్మజీవుల మీద పరిశోధనకు కూర్చుంది. కూర్చుంది అనడం మాటవరసకే. హమీద్ సారు దగ్గర శిష్యురాలిగా చేరినప్పటి నుంచి ఆమె చెప్పులు అరిగాయి గానీ కుర్చీ అరగలేదు.

ఆ వేసవిలో ఆమెకు నిద్ర కూడా కరువైంది. అందుకు కారణం ఆమె నోరే.

పోయిన పంటకు ఊళ్ళో సోయా ఆకు పసుపు తిరిగింది. యూరియా చల్లీ చల్లీ రైతులు విసిగిపోయారు. పంచాయతీ అరుగు మీద పదిమందీ కూర్చుని తల పట్టుకుని ఉంటే, సెలవులకు వచ్చిన గంగామణి ఆగలేకపోయింది.

"మీరు సంచులు మోసుడెందుకు? మొక్కకు కావాల్సింది గాలిలనే ఉన్నది. దాన్ని పట్టి వేళ్ళకు పెట్టే పురుగున్నది. మన మన్నుల నుంచే ఏరి తెస్త. వచ్చే మిరుగం నాటికి మీ చేతుల పెడ్త" అన్నది.

అరుగు మీద ఒకాయన నవ్వాడు. "పురుగుల మందు అమ్మెటోళ్ళను చూసినం గని, పురుగులనే అమ్మెటోళ్ళను ఇప్పుడే చూస్తున్నం."

ఆ నవ్వుకు గంగామణి చిన్నాయన లస్మన్నకు రోషం వచ్చింది. "నా అన్న బిడ్డ తెస్తనన్నదంటే తెస్తది. వాగు పక్క చేన్ల సగం దాని పురుగుకే ఇడిచిపెడ్త. మీరు చూస్తనే ఉండున్రి" అని మీసం దువ్వుకున్నాడు.

మాట ఇచ్చింది ఒకరు, పూచీ పడింది ఇంకొకరు. ఇక మిరుగం, అంటే వానలు మొదలయ్యే మృగశిర కార్తె, ముంచుకొస్తున్న కొద్దీ లస్మన్న నుంచి ఫోన్లు.

"ఏమే బిడ్డా, నీ పురుగు పుట్టిందా?"

"పుడుతది కాకా."

"నొప్పులన్న మొదలైనయా?"

"కాకా!"

"అరుగు మీదోళ్ళు అడుగుతున్నరే. నేను ఏదో ఒకటి చెప్పాలె గదా."

ఆ సగం చేను దున్ని ఖాళీగా ఉంది. వాన పడేనాటికి ఆమె చేతిలో పురుగు లేకపోతే, కాక పదిమందిలో తలదించుకోవాలి. ఆమె కళ్ళు మూసుకుంటే ఆ ఖాళీ నేలే కనిపించేది.

ఇంతకీ ఆమె వెతుకుతున్నది మామూలు జీవిని కాదు. సోయా మొక్కను వేళ్ళతో పీకి చూస్తే, వేళ్ళకు గింజల్లాంటి బుడిపెలు కనబడతాయి. వాటిలో కంటికి ఆనని జీవులు కాపురముంటాయి. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా వండిపెట్టడం వాటి పని. ప్రతిగా మొక్క వాటికింత తీపి పెడుతుంది. అయితే ఆ వంటలో కొంత శక్తి హైడ్రోజన్ వాయువై వృథాగా కారిపోతుంది. చాలా జీవులకు ఆ పట్టింపు లేదు, పోతే పోనీ అంటాయి. ఎక్కడో కొన్ని మాత్రం కారిపోయినదాన్ని మళ్ళీ పట్టి వాడుకుంటాయి. అలా పట్టడానికి వాటిలో ఒక ఎంజైము ఉంటుంది. ఆ పొదుపరి జీవే గంగామణికి కావాలి.

దాన్ని ఏరే ఉపాయం చూడడానికి చిన్నదే. గాజు పళ్ళెంలో గడ్డకట్టించిన మేత మీద బుడిపెల రసాన్ని పలచగా పరచాలి. ఈ జీవులది నత్తనడక. వారం దాటాక గానీ ఒక్కొక్కటీ పెరిగి గుంపై, గసగసాల గింజంత చుక్కగా తేలదు. ఆ చుక్కను కాలనీ అంటారు. కాలనీల మీద నీలిమందులో తడిపిన గుండ్రటి కాగితాన్ని పరచి, పళ్ళేన్ని జాడీలో పెట్టి, గాలి తీసేసి, హైడ్రోజన్ నింపి, మూత బిగించాలి. ఏ కాలనీలో ఆ ఎంజైము ఉందో అది ఆ వాయువును తాగి, తన మీది నీలిని విరిచేస్తుంది. కాగితం మీద అంతమేరకు తెల్లచుక్క తేలుతుంది.

ఆ పైన చేయవలసిన పని ఒక్కటే. మూత తీయకుండా ఉండడం. విరిగిన ఆ నీలికి గాలి సోకితే మళ్ళీ నీలమైపోతుంది.

ఇది గంగామణికి తెలియదని కాదు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. పని మొదలుపెట్టిన రోజే హమీద్ సారు చెప్పాడు. ఆ తర్వాత కూడా, దారిన పోతూ పోతూ ఆగి చెప్పాడు.

కానీ ఆ జాడీ స్టీలుది. లోపల ఏం జరుగుతున్నదో పైకి కనబడదు. అదే ఆమె ప్రాణానికి వచ్చింది.

మూత బిగించి అటు తిరుగుతుందో లేదో, మనసు పీకడం మొదలయ్యేది. గ్యాసు సరిగ్గా పట్టిందో లేదో. కాగితం జరిగిందేమో. ఈపాటికి వచ్చేసి ఉంటుందేమో. ఒక్కసారి చూసి మూసేస్తే ఏం పోతుంది? మళ్ళీ గ్యాసు నింపుతా కదా. అలా అనుకునేలోపే చేతులు మర విప్పుతుండేవి. అంతా నీలంగానే ఉండేది. మూసేది. కాసేపటికి మళ్ళీ తీసేది. మళ్ళీ నీలమే.

పక్క బల్ల దగ్గర పనిచేసే పోశెట్టి ఆమెకంటే చిన్నవాడు, నోరు మాత్రం పెద్దది.

"అక్కా, అది జాడీయా, చంటిపిల్ల తొట్టెలా? గడియకోసారి తొంగిచూస్తవు."

"నీ పని నువ్వు చూస్కో."

"నా పనే చూస్తున్న. సిలిండర్ మోసేది నేనే గదా. పెండ్లింట్ల గ్యాసు అయిపోయినట్టు అయిపోతున్నది. గ్యాసు ఇచ్చే ఆయన అడుగుతున్నడు, ఏమయ్యా, మీరు గిట్ల బెలూన్లు అమ్ముతున్నరా అని."

గంగామణి నవ్వలేదు. పళ్ళెం మార్చే ముందు చివరిసారి మూత తీసేది. నీలమే. ఆ పళ్ళెం మూత మీద మైనపు పెన్సిలుతో అడ్డగీత గీసేది. లేదు అని అర్థం. తీసుకెళ్ళి మూల ఉన్న పెద్ద డబ్బాలో పడేసేది. ఆ డబ్బాలో పడ్డవాటిని ఆవిరిలో ఉడికించి, అన్నీ చచ్చాక పారబోయడం అక్కడి రివాజు. ఏ ఊరి మన్నునూ ఆమె వదల్లేదు. వాగు దిగువ ఊళ్ళు, గుట్ట కింది ఊళ్ళు, చివరికి సొంత ఊరు. ఒక్కొక్క ఊరూ అడ్డగీతతో డబ్బాలోకి పోయింది.

ఆఖరి అడ్డగీత గీసిన పూట, ఆమె తిన్నగా హమీద్ సారు గదికి నడిచింది.

హమీద్ సారు పొట్టి మనిషి. మాట అంతకంటే పొట్టి. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు, సారు ఏం చెప్పాడని ఎవరైనా అడిగితే, కాసేపు ఆలోచించి, "ఏమీ చెప్పలేదు" అనేవారు. అయినా ఆయన పేరెత్తితే కుర్చీలోంచి లేచేవారు.

"సార్, ఈ పద్ధతి మన నేలలకు పనికొచ్చేది కాదు" అన్నది గంగామణి, గడపలో నిలబడే.

"ఔనా."

"ఒక్కటంటే ఒక్క చుక్క తెల్లబడలే. అసలు మా జిల్లాల ఆ జీవే లేదు సార్. వేరే పద్ధతన్న చూడాలె, వేరే జిల్లాకన్న పోవాలె. మిరుగం నెత్తి మీదికొచ్చింది."

"జిల్లాలనే లేదా?"

"లేదు సార్."

సారు లేచాడు. మెల్లగా నడిచి ప్రయోగశాలలోకి వెళ్ళాడు. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, మూలనున్న డబ్బా మీదికి వంగి, అన్నిటికంటే పైనున్న పళ్ళేన్ని తీశాడు.

"దీన్ని ఇంకా ఉడికించలే గదా?"

"లేదు సార్. పొద్దున్నే పడేసిన. సాయంత్రం..."

మిగతా మాట ఆయన వినలేదు. పాత కాగితాన్ని తీసి, కొత్త నీలికాగితం పరిచాడు. అలమర పైనుంచి ఒక పాత గాజు జాడీని దించి, బట్టతో దుమ్ము తుడిచాడు. పళ్ళెం లోపల పెట్టి, గాలి తీసి, హైడ్రోజన్ పట్టి, మూత బిగించి, జాడీని రెండు చేతులా పట్టుకుని తన గదిలోకి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా రెండు కుర్చీలు లాగాడు.

"కూర్చో బిడ్డా."

ఆమె కూర్చుంది. "ఏం చేయాలె సార్?"

"చేస్తున్నవ్ గదా."

ఆ తర్వాత ఆయన ఏమీ మాట్లాడలేదు. పేపరు చదవలేదు, ఫోను చూడలేదు. ఊరికే కూర్చున్నాడు. ఊరికే కూర్చున్న మనిషిని అంత దగ్గర నుంచి చూడడం గంగామణికి అదే మొదలు.

ఆమె కాలు ఊపింది. సారు ఆ కాలి వైపు చూశాడు. ఆపింది. చేతివేళ్ళు విరుచుకుంది. చున్నీ అంచు మెలితిప్పింది. గోడ మీది బల్లి ఏ పురుగు మీదికి ఉరుకుతుందోనని చూసింది. అదీ కదలకుండానే ఉంది.

"సార్, గ్యాసు మంచిగ పట్టిందా?"

"పట్టింది."

"మూత బిగిసిందా?"

"బిగిసింది."

"దగ్గరికి పోయి చూస్త సార్ ఒక్కసారి."

"చూడు. చూపుకు మూత అడ్డం లేదు."

చూసింది. అంతా నీలం. వెనక్కి వచ్చి కూర్చుంది. కాలుగాలిన పిల్లి కూడా అంతకంటే నయమనిపించేలా కుర్చీలోనే అటూ ఇటూ మసిలింది. కాక ఖాళీ చేను కళ్ళముందు పరుచుకుంది. ఇక్కడ ఇలా గోడ మీది బల్లినీ గాజు జాడీనీ చూస్తూ కూర్చుంటే, అక్కడ మబ్బు పడుతుంది. సారుకేం, ఆయన ఏ అరుగు మీదా మాట ఇవ్వలేదు.

అలా లోలోపల గొణుక్కుంటూ ఉండగా, కాగితం అంచు దాపున ఒకచోట నీలి పలచబడినట్టు అనిపించింది. కళ్ళు నులుముకుంది. భ్రమ కాదు. నీలం బూడిద రంగైంది, బూడిద రంగు పాలరంగైంది. ఆవగింజంత ఉన్నది జొన్నగింజంత అయింది. తెల్లగా, కడిగిన ముత్యంలా.

"సార్!"

సారు కదల్లేదు.

"వచ్చింది సార్! చూడండి, వచ్చింది! పోశెట్టీ! ఓ పోశెట్టీ, ఉరికిరా!"

కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆమె చేతులు మర విప్పేశాయి. మూత పక్కన పెట్టి, పళ్ళేన్ని రెండు చేతుల్లోకి తీసుకుని, ముఖానికి దగ్గరగా పట్టుకుంది. పళ్ళెం మీద తన చేతిరాతే. వాగు పక్క. ఆ రాత మీదుగా తానే గీసిన అడ్డగీత.

"మా కాక చేన్లదే సార్! ఇది మా కాక చేన్లదే!"

గట్టిగా ఊపిరి పీలుస్తూ, వదులుతూ, నవ్వుతూ చెబుతోంది. పోశెట్టి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఏదక్కా? యాడున్నది?"

"ఇదిగో, గిక్కడ చూడు..."

ఆమె వేలు కాగితం మీద ఆగిపోయింది.

అక్కడ నీలమే. పక్కన నీలమే. ఆమె ఊపిరి తగిలి తగిలి, ఆ జొన్నగింజంత తెలుపు ఎప్పుడు మాయమైందో ఆమే చూడలేదు. పట్టకారుతో కాగితం లేపింది. దాని కింద కాలనీలు గసగసాలు ఒలకబోసినట్టు ఉన్నాయి. అన్నీ ఒక్క తీరే. తెలుపు ఈ వైపున తేలింది. ఈ వైపున నాలుగు పక్కపక్కనే ఉన్నాయి. నాలుగింటిలో ఏది?

ఎప్పుడూ మాటకు తడుముకోని పోశెట్టి, ఆ ముఖం చూసి, వచ్చినంత వేగంగానే వెనక్కి జరిగాడు.

కాగితాన్ని వదిలేసి గంగామణి సారు వైపు తిరిగింది. "మూత తీయొద్దని మీరన్న చెప్పకపోతిరి సార్."

"చాలాసార్లు చెప్పిన బిడ్డా" అన్నాడు హమీద్ సారు. "ఇయ్యాల నేను చెప్పలే."

పడిపోయిన కుర్చీని ఆయనే లేవనెత్తి, గోడ పక్కన పెట్టి, బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే నిలబడింది. తెరిచిన తలుపులోంచి మూలనున్న డబ్బా కనబడుతోంది. గుట్ట కింది ఊళ్ళు, వాగు దిగువ ఊళ్ళు. లేదు, లేదు అని ఎంత గట్టిగా గీసింది. వాటిలో ఎన్ని ఎన్నిసార్లు తెల్లబడబోయి, ఆమె తొంగిచూపుకు వెనక్కి పోయాయో. ఉడికించి పారబోసినవాటిని ఇక ఎవరూ అడగలేరు.

మరునాడు పొద్దున్నే మళ్ళీ సారు గదిలో ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. మాటలో మాత్రం తొందర తగ్గలేదు.

"సార్, నాకొకటి తోచింది. ఆ నాలుగింట్ల ఒకటి అదే గదా. నాలుగింటిని కలిపి పెంచుదాం. బొగ్గుపొడిల కలిపి సంచికెత్తి పంపిద్దాం. విత్తనానికి పట్టిస్తరు. మిరుగానికి అందుతది."

సారు వింటున్నాడు.

"మిగిలిన మూడు కూడ నత్రజని పట్టేటివే సార్. విషమేం కాదు. చేనుకు నష్టం లేదు."

"లేదు" అన్నాడు సారు.

"మరి పంపొచ్చా?"

"పంపొచ్చు."

ఆమె కాదంటాడనుకుని వచ్చింది. కాదంటే ఇంకా చెప్పడానికి మాటలు తెచ్చుకుంది. ఆ మాటలన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

"సంచి మీద ఏం రాస్తవు?" అన్నాడు సారు.

"మన జీవి పేరు..." అని ఆగింది.

కాక ఆ సంచిని నెత్తిన పెట్టుకుని అరుగు ముందు నుంచే పోతాడు. పంట పచ్చగా వస్తే, నా బిడ్డ తెచ్చిన పురుగు అంటాడు. రాకపోతే, వాన సరిగ్గా లేదు అంటాడు. ఎటైనా నమ్ముతాడు. అడ్డగీత గీసినప్పుడు తనను తాను ఎంత సులువుగా నమ్ముకుందో, అంతకంటే సులువుగా ఆమెను కాక నమ్ముతాడు.

ఆమె ఇంకేమీ అనకుండా లేచిపోయింది. నాలుగు కాలనీలనూ సూదిమొనతో తీసి, నాలుగు వేర్వేరు పళ్ళేల మీద గీసింది.

ఆ రోజుల్లో ఆమె మారిపోయిందని చెబితే అబద్ధమవుతుంది. వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగింది. పోశెట్టి తల తిన్నది. పళ్ళేలను వెచ్చగా ఉంచే పెట్టె తలుపు దగ్గర నిలబడి, గొళ్ళెం మీద చేయి వేసి, తీసేసుకుంది. మళ్ళీ వేసింది, మళ్ళీ తీసేసుకుంది.

"అక్కా, దానికి మొక్కు చెల్లిస్తున్నవా?" అన్నాడు పోశెట్టి.

"నోరు ముయ్. మొక్కితే వస్తదంటే అదీ చేస్త."

వారం దాటింది. నాలుగు పళ్ళేలలో రెండింట్లో ఏమీ మొలవలేదు. నీలిమందు ఘాటుది. దాన్ని రెండుసార్లు భరించాయి పాపం, మాడిపోయినట్టున్నాయి. మిగిలిన రెండింట్లో గసగసాలు తేలాయి.

ఆమె వాటిని చూస్తూ నిలబడిపోయింది. కావలసింది మాడినవాటిలో ఉందో, మిగిలినవాటిలో ఉందో.

రెండింటి మీదా నీలికాగితాలు పరిచింది. పళ్ళేలకు గుర్తులు పెట్టింది. ఏ గుర్తు ఎటువైపు ఉన్నదో జాడీ బయటి గాజు మీద కూడా గీసుకుంది. ఇదివరకు ఆమెకు అలాంటి గీత గీసే తీరిక ఉండేది కాదు. గ్యాసు పట్టి, మూత బిగించి, జాడీని సారు బల్ల మీదికి తెచ్చింది.

సారు తన కుర్చీలో కూర్చున్నాడు. ఆమె తన కుర్చీలో కూర్చుంది. బయట మబ్బు దిగి గది మసకబారింది. ఉక్కపోతగా ఉంది. కాసేపటికి సారు జేబులోంచి టోపీ తీస్తూ లేచాడు.

"నమాజు వేళయింది. పోయొస్త."

ఆమె ఒక్కతే మిగిలింది. కాళ్ళలో చీమలు బయలుదేరాయి. రెండు చేతులనూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చుంది.

ఫోను మోగింది. ఆ గదిలో సిగ్నలు కిటికీ దగ్గరే అందుతుంది. లేచి, జాడీకి వీపు పెట్టి, కిటికీ చువ్వలకు ఆనుకుని నిలబడింది.

"బిడ్డా, మిరుగం దించిందే!" లస్మన్న గొంతు గాలిలో ఊగుతూ వచ్చింది. వెనకనుంచి ఎవరో ఎడ్లను అదిలిస్తున్నారు. "రాత్రంత కొట్టింది. చేను ముద్దలు ముద్దలైంది. అందరు అరకలు కట్టిన్రు. నీ సగం అట్లనే ఉన్నది. నీ పురుగు ఎప్పుడొస్తది? రెండు మూడు దినాలంటే ఆగుత. అంతకు మించితే పదును పోతది."

"వస్తది కాకా" అనబోయింది. ఆ మాట నాలుక చివర ఎప్పుడూ సిద్ధంగా ఉండేదే. నిజానికి వెనక్కి తిరిగి ఒక్క చూపు చూస్తే, వస్తుందో రాదో తెలిసిపోవచ్చు కూడా.

తిరగలేదు.

"రాదు కాకా."

"ఏంది?"

"ఈ మిరుగానికి రాదు. నా దగ్గర రెండున్నయి. వాటిల్ల అది ఉన్నదో, మాడిపోయిందో నాకింక తెల్వది. ఉన్నా గని, పెంచి, కుండీలల్ల పెట్టి చూసి, మీ దాక తెచ్చేసరికి కార్తెలు దాటుతయి. నువ్ పత్తి పెట్టుకో."

అవతల ఎడ్ల మెడగంటలు వినబడుతున్నాయి.

"పదిమందిల అన్నవ్ గదనే" అన్నాడు చివరికి.

"అన్న. నా దగ్గర లేనిదాన్ని ఉన్నదన్న. నువ్ చెప్పు వాళ్ళకు, నా అన్న బిడ్డ తేలేదని."

"నేనెందుకు చెప్త? నువ్వొచ్చి చెప్పు. అరుగు యాడికి పోతది, ఆడనే ఉంటది."

"వస్త. నేనే చెప్త."

లస్మన్న గొంతు సవరించుకున్నాడు. కోపమో, దిగులో, ఆమెకు తెలియలేదు. "సరే తియ్. పత్తి పెడ్త" అన్నాడు. "అన్నం తిన్నవా?"

"ఇంకా లేదు."

"తిను మరి. పొద్దెక్కింది."

ఫోను ఆగిపోయింది. ఆమె దాన్ని చేతిలోనే పట్టుకుని కిటికీ దగ్గర నిలబడింది. ఇన్నాళ్ళూ కళ్ళు మూస్తే కనబడే ఆ నల్లటి ఖాళీ నేలలో ఇప్పుడు ఎవరో పత్తిగింజలు పెడుతున్నారు. ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. ఒంట్లో ఎక్కడో ఒక యంత్రం టక్కున ఆగినట్టుంది. అది ఇంతకాలం మోగుతున్న సంగతి, ఆగాక గానీ తెలియలేదు.

ఎంతసేపు అలా ఉందో. వెనక అడుగుల చప్పుడైంది. హమీద్ సారు క్యాంటీను నుంచి రెండు గ్లాసుల చాయ్ పట్టుకుని గడపలో నిలబడ్డాడు.

ఆయన చూపు ఆమె భుజం మీదుగా బల్ల వైపు పోయింది. అక్కడ ఆగింది. ఆగి, చాలాసేపు అక్కడే ఉంది.

గంగామణి ఆ కళ్ళనే చూస్తోంది.

"మా కాకకు చెప్పేసిన సార్. పత్తి పెట్టుకొమ్మన్న."

"ఊఁ" అన్నాడు సారు. లోపలికి వచ్చి ఒక గ్లాసు ఆమెకు అందించాడు.

"సార్..."

"మూత ఉన్నంతసేపు అది యాడికి పోదు బిడ్డా. చాయ్ తాగు."

ఆమె గ్లాసు అందుకుంది. వెనక్కి తిరిగి చూడకుండానే తాగింది.